చక్రం తాకని రివాల్వర్

ఇనుముకు మెరుగు పెట్టే బఫింగ్ మెషీన్ పక్కన జెరెమియా వెల్లకిలా పడి ఉన్నాడు. ఛాతీలో తూటా. చేతి దగ్గర సగం పాలిష్ అయిన రివాల్వర్.

మెట్టుగూడలో అది ఆయన నడిపే తుపాకుల రిపేరు షాపు. వెనకే ఇల్లు.

భార్య మేబెల్ గోడకు ఆనుకుని వణుకుతోంది. ఆమె భుజం మీద షాపు పార్ట్‌నర్ అభిరామ్ చెయ్యి. చూసేవాళ్లకు ఓదార్పే. ఆమెకు మాత్రం ఊపిరాడటం లేదు.

"ఎట్ల జరిగింది?" ఇన్‌స్పెక్టర్ సృజన అడిగింది.

"కస్టమర్ రివాల్వర్, మేడమ్. తుప్పు తీయనీకి అన్న మెషీన్ మీద పెట్టిండు. లోపల తూటా ఉన్నది చూస్కోలే. పేలింది."

"నువ్వెక్కడున్నవ్?"

"బయట చాయ్ తాగుతున్న. మోటార్ మోతకు పేలుడు సుత ఇనబడలే."

"మేబెల్ గారూ, మీరు?"

భుజం మీద వేళ్లు బిగుసుకున్నాయి. ఇందాక అతను చెవిలో అన్నమాట ఇంకా మోగుతోంది. 'మీ బిడ్డ క్యారల్ ఏ బస్సుల స్కూలుకు పోతదో నాకెరుకే, వదినా.'

"వంటింట్లో ఉన్నానండీ. నాకేం తెలీదు."

సృజన గ్లవ్స్ తొడుక్కుని రివాల్వర్‌ను కిటికీ వెలుతురులోకి పట్టింది. భూతద్దంతో చాలాసేపు చూసింది.

"అభిరామ్, మెషీన్ మీద రుద్దితే ఇనుము ఏమైతది?"

"మస్తు మెరుస్తది, మేడమ్."

"అంచులు సుత అరిగి గుండ్రమైతయి. అక్షరాలు మాసిపోతయి. దీని అంచులు చూడు, ఎంత పదునుగున్నయో. కంపెనీ పేరు లోతుగనే ఉంది. గీతలన్నీ ఒకే దిక్కు. ఇది శాండ్‌పేపర్‌తో చేత్తో రుద్దిన పని. ఈ రివాల్వర్ మెషీన్ చక్రాన్ని తాకనే లేదు."

అభిరామ్ తలుపు వైపు ఓరగా చూశాడు.

"మరి మోటార్ ఎందుకు తిరిగింది? తూటా మోత బయటికి పోకుండా నువ్వే ఆన్ చేసినవ్. కాల్చినంక శవాన్ని ఈడికి గుంజినవ్, నేల మీద రక్తపు చార కనబడుతనే ఉంది. ఆమె భుజం మీదికెల్లి చెయ్యి తియ్యి."

అతను తలుపు వైపు దూకాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు ఒడిసి పట్టారు.

మేబెల్ కూలబడింది. "మా పాప మారేడ్‌పల్లి స్కూల్లో ఉందండీ. వీడి మనుషులు బయట ఉన్నారేమో! ముందు దాన్ని ఇక్కడికి రప్పించండి. తర్వాత అన్నీ చెప్తాను."

సృజన వెంటనే జీపు పంపింది.

స్టేషన్‌లో క్యారల్‌ను ఒళ్లోకి లాక్కున్నాక గానీ మేబెల్ పెదవి విప్పలేదు.

"దొంగ తుపాకుల నంబర్లు వీడు ఆ మెషీన్ మీదే చెరిపేవాడండీ. ఈ పొద్దున మా ఆయన కంటపడింది. పోలీసులకు చెప్తానన్నారు. కాల్చేశాడు. తలుపు సందులోంచి చూశాను."

పాప చెవులు రెండూ అరచేతులతో మూసి, జరిగిందంతా మొదటినుంచీ చెప్పింది.