బోణీ లేని దీపం

అంగారకుడి మీద గాజుకప్పు కింద కట్టిన ఆ ఊళ్ళో పొద్దున లేవగానే ఎవరూ ఆకాశం చూడరు. చూసినా కనిపించేది దుమ్మే. అందరి చూపూ కొట్ల గుమ్మాల మీది దీపాల వైపే.

ఆ దీపాలు మనుగడసూచివి, అంటే సర్వైవల్ మీటర్‌వి. కొట్లో సరుకెంత, నీళ్ళెంత, వచ్చేపోయేవాళ్ళెందరు అన్నది సెన్సర్లతో గమనించి, ఆ కొట్టు నిలుస్తుందో లేదో అది ముందే చెబుతుంది. నిలిచేదానికి ఆకుపచ్చ, మునిగేదానికి ఎరుపు. చిన్న వ్యాపారులు నిండా మునగకముందే జాగ్రత్తపడతారని డాక్టర్ ఫణీంద్ర దాన్ని తయారుచేశాడు. ఉద్దేశం మంచిదే. కానీ నీళ్ళకి కరువున్న చోట పాలకమండలి ఊరుకుంటుందా? సాయంత్రానికీ ఎర్రగానే ఉన్న కొట్టుకి నీళ్ళు కట్టేసి, యజమానిని మంచుగనుల్లోకి పంపడం మొదలుపెట్టింది. అలా వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు.

ఆవేళ నూకరత్నం ఇడ్లీకొట్టు దీపం ఎర్రబడింది. ఇడ్లీపాత్ర ఆవిరిని కూడా గొట్టంతో పట్టి మళ్ళీ నీళ్ళు చేసుకునే మనిషి ఆవిడ. కంగారుగా ఫణీంద్రకి కబురుపెట్టింది. రోజూ ఆమె కొట్లో బోణీ చేసేది ఆయనే. ఈవేళ మాత్రం రాలేదు. కబురందుకుని ఆయన రాగానే గుమ్మంలోనే అడిగింది.

"నీళ్ళు బొట్టు పారబొయ్యలేదు, సరుకు గింజ పాడుసెయ్యలేదు. ఏటి బాబూ ఈ ఎరుపు?"

ఆయన దీపం కిందున్న యంత్రాన్నే అడిగాడు. "ఈమె నిర్వహణలో లోపమేమిటి?"

"లోపం లేదు," అంది యంత్రం. "బోణీ కాలేదు. బోణీ కాని కొట్టుకి ఈ ఊరివాళ్ళు రారు. రోజూ మొదట వచ్చే మనిషి ఈవేళ భయపడ్డాడు."

ఫణీంద్ర మొహం పాలిపోయింది. "నిన్న ప్రయోగశాలలో నీ సూచి కాస్త తగ్గడం చూశాను రత్నమ్మా. మునిగే కొట్టుకి నా చేత్తో బోణీ ఎందుకని..."

"మీరు రాకపోబట్టే గదా బాబూ నాను మునిగిపోతన్నాను!"

ఆయన సిగ్గుతో తలొంచుకుని కూర్చుని ఇడ్లీలు పెట్టించుకున్నాడు. మిగిలిన నిన్నటి పిండితోనే ఆమె వాయి దించింది. ఆయన్ని చూసి మరో ఇద్దరొచ్చారు, వాళ్ళని చూసి ఇంకొందరు. కాసేపటికి దీపం ఆకుపచ్చగా మారింది. నూకరత్నానికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

అంతలో ఎదురుకొట్టు సాయమ్మ పిండిబకెట్టుతో పరిగెత్తుకొచ్చింది. రోజూ నూకరత్నానికి పిండి రుబ్బి పోసేది ఆమే. పొద్దుటి కంగారులో నూకరత్నం ఆ సంగతే మరిచిపోయింది.

"అక్కా, నా దీపం ఎర్రబడిపోనాది. నా బోణీ నీదే గదా! ఒక్క గిన్నెడు పొయ్యించుకో, నీ కాళ్ళట్టుకుంటాను."

నూకరత్నం మనసు కరిగింది. గిన్నె తీసుకుని ముందుకొచ్చింది కూడా. అప్పుడే సాయమ్మ గుమ్మం మీది ఎరుపు కళ్ళబడింది. మునిగే కొట్టుతో పొత్తు పెట్టుకుంటే తన దీపమేమవుతుందో? గిన్నె పట్టుకున్న చెయ్యి వెనక్కి పోయింది.

"రేపు సూద్దాంలే సాయమ్మా," అంది, ఆమె మొహం చూడకుండా షట్టరు సగం దించుతూ.

ఫణీంద్ర ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?