ఎరుపు లేని ఫొటో

చేతిలోంచి జారిపోకుండా కొరమేనుకి బూడిద పట్టించి, పెరట్లో బండ మీద రుద్దుతోంది వెంకటదుర్గ. అల్లుడొస్తున్నాడని తల్లి సావిత్రి తెల్లారకముందే చెరువు దగ్గర నుంచి తెప్పించిన చేప అది. మొగుడు విజయ్ కుమార్ తనని కొట్టిన సంగతి తేల్చడానికి పెద్దలు కూర్చునే రోజున, ఆ మొగుడి పులుసుకే చేప తోముతున్నందుకు దుర్గకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"తొందరగా కానిచ్చి మంచి చీర కట్టుకోవే. పెదనాన్నగారు వచ్చేస్తారు" అంది సావిత్రి వంటింట్లోంచి.

"చీరదేముందిలే. అన్నయ్య ఫొటో తెచ్చాడా?"

వంటింట్లో సావిత్రి గరిటె చప్పుడు ఆగింది. "తెచ్చాడులే" అంది.

ఆ ఫొటో మీదే దుర్గ ఆశంతా పెట్టుకుంది. చెంప మీద ఎర్రగా తేలిన వేళ్ళ వాతలతో, తాడేపల్లిగూడెంలో మొదటి బస్సెక్కి పుట్టింటికి వచ్చిన రోజున, "నేను ఏలూరు వెళ్ళి పోలీసులకి కంప్లైంటు ఇస్తాను" అని గుమ్మంలోనే చెప్పింది. ముందు పెద్దల్లో పెడదామని సావిత్రి చేతులు పట్టుకుని బతిమాలింది. పెదనాన్న నాగదుర్గారావు ఊళ్ళో లేడు. ఆయన తిరిగి వచ్చేసరికి వాతలు మానిపోతాయి. అందుకని అన్న గోపీచంద్ ఆమెని మందార చెట్టు పక్కన నిలబెట్టి, "చెంప మామూలైపోయినా ఫొటో మాట్లాడుద్ది దుర్గమ్మా" అని కెమెరా ఎత్తాడు.

గోపీ ఏం తీసినా నలుపు తెలుపే. కొల్లేటి కొంగలు, దోనెలు, వల విప్పే ముసలి చేతులు. రంగులుంటే కన్ను రంగు దగ్గరే ఆగిపోతుందంటాడు. పెళ్ళికి ముందు దుర్గ సాయంత్రాలు అతని పక్కన కూర్చుని మాట్లాడకుండా చూసేది. డిజిటల్ కెమెరా తీసేది రంగుల్లోనేనని, ఏ రంగు ఎంత నల్లబడాలో ఎంత తెల్లబడాలో తర్వాత కంప్యూటర్లో మనమే చెప్తామని అలా చూసే నేర్చుకుంది.

అప్పటికింకా నాన్న చిన్నరాజు బతికే ఉన్నాడు. ఒకరోజు సావిత్రి ఫొటో చేస్తూ గోపీ కంప్యూటర్ తెర మీది ఎరుపు బార్‌ని కుడివైపుకి జరిపితే, ఎరుపంతా తెల్లబడి ఆమె నుదుటి మీది కుంకుమ చర్మంలో కలిసిపోయింది.

"మీ నాన్న గుండ్రాయిలా ఉంటే నా బొట్టు తీసేశావేంట్రా!" అని సావిత్రి అట్లకాడ పట్టుకుని వచ్చింది. గోపీ నవ్వుతూ బార్‌ని ఎడమకి లాగాడు. బొట్టు నల్లగా తిరిగొచ్చింది. ఇంటిల్లిపాదీ కడుపుబ్బా నవ్వుకున్నారు.

పెదనాన్న వచ్చి వసారాలో కుర్చీ లాక్కున్నాడు. గోపీ తల వంచుకునే కవరు అందించాడు. ఆయన ఫొటో తీసి, కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"ఏదమ్మా, చెంప శుభ్రంగానే ఉంది కదా! ఫోన్లో మీరు చెప్పింది విని నేనేదో అనుకున్నాను."

"అదేనండీ బావగారూ" సావిత్రి గబగబా అందుకుంది. "కోపంలో చెయ్యి తగిలుంటుంది. చిన్నపిల్ల, బెదిరిపోయింది."

దుర్గ బూడిద చేతులతోనే వచ్చి, ముట్టుకోకుండా వంగి చూసింది. చెంప నున్నగా ఉంది. వాతల జాడ లేదు. నుదురూ బోసిగా ఉంది. వెనక మందారాలు నందివర్ధనాల్లా తెల్లగా ఉన్నాయి.



"ఎరుపు జరిపావా అన్నయ్యా?"



"ఏంటమ్మా అంటున్నావు?" అన్నాడు పెదనాన్న.

"నా బొట్టేదండీ పెదనాన్నగారూ? ఆ రోజు పెట్టుకునే ఉన్నాను. ఆ పువ్వులు చూడండి. మన గుమ్మంలోవి ఎర్ర మందారాలే కదండీ. ఎర్రగా ఉన్నవన్నీ తెల్లబడేలా చేశాడు. వాటితోపాటే నా చెంపా."

ఆయన ఫొటో వంక చూసి, చెట్టు వంక చూసి, గోపీ వంక చూశాడు. "ఏరా?"

"అమ్మ అడిగిందండీ" అన్నాడు గోపీ.

"అవును, నేనే అడిగాను!" సావిత్రి కొంగు బిగించింది. "అప్పుడు నా బొట్టు పోయినట్టు దాని మచ్చ పోదేంట్రా అన్నాను. తప్పేంటి? అది కనపడితే ఇటు మాట, అటు మాట పెరిగి కాపురం తెగిపోదూ? మీ నాన్న లేడు. నీ వెనక ఎవరున్నారే?"

"మీరున్నారనుకున్నానమ్మా."

సావిత్రి బిగించిన కొంగు వదిలేసింది.

"ఆయన కొట్టినప్పుడు నాకింత బాధ లేదు" అంది దుర్గ. "పొద్దున్నే బస్సుంది, ఇంటికెళ్తే చాలనుకున్నాను. ఇన్నాళ్ళూ నాకు అన్నం కలిపి పెడుతూనే ఈ పని చేశారా?"

గోపీ లోపలికెళ్ళి కెమెరా తెచ్చాడు. మీట నొక్కి ఆమె ముందు పట్టుకున్నాడు. "అమ్మ అసలుది తీసెయ్యమంది. నాకు చేతులు రాలేదు దుర్గమ్మా. రంగుల్లో అలాగే ఉంది."

చిన్న తెర మీద ఎర్ర బొట్టు, ఎర్ర మందారాలు, చెంప నిండా ఎర్రటి వేళ్ళు. సావిత్రి తెర చూసింది. పెదనాన్న ఒళ్ళోని ఫొటో చూసింది. బోసి నుదుటితో కూతురు. ఆమె చెయ్యి తనకి తెలియకుండానే తన ఖాళీ నుదుటి మీదకి వెళ్ళింది.

"మొగుడు దక్కాలని చేసి, నా బిడ్డ బొట్టు నేనే చెరిపించానా బావగారూ!" అంటూ గడప మీద కూలబడింది.

ఆయన ఫొటో బోర్లించి కుర్చీ చేతి మీద పెట్టాడు. "అల్లుడి వాళ్ళ కారు కైకలూరు దాటిందట. రానీ అమ్మా. ఈ రంగుల బొమ్మే వాళ్ళ ముందు పెట్టి అడుగుతాను."

దుర్గ పెరట్లోకెళ్ళి చేతులు కడుక్కుంది. బండ మీద చేప సగం తోమినట్టే ఉంది. లోపలికొచ్చి అద్దం ముందు ఎర్రగా బొట్టు దిద్దుకుంది. గోపీ చేతిలోంచి కెమెరా తీసుకుని భుజానికి తగిలించుకుంది. అతను వదిలేశాడు.

"ఎక్కడికే? అమ్మా, దుర్గా... తప్పైపోయిందే" సావిత్రి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఉండు, నేనూ వస్తాను" అన్నాడు గోపీ చెప్పుల కోసం వెతుకుతూ.

గడప మీద తల్లి పాదాలు తగలకుండా దాటి, దుర్గ మెట్లు దిగింది. మందార చెట్టు పక్కనుంచి, ఏలూరు బస్సు ఆగే రోడ్డు వైపు నడిచింది.