మెయిల్ అడుగున చేరే మాట

జార్జిటౌన్ రేవుకి ఎదురుగా ఉన్న ఆ పాత మేడలో, చీకటి పడ్డాక మూడో అంతస్తులో ఆగడానికి లిఫ్టు కూడా జంకుతుందని కాపలాదారు పాక్ మన్సోర్ అంటుంటాడు. నవ్వుతూనే అంటాడు. అంటూనే మెట్ల వైపు ఓసారి చూస్తాడు.

అక్కడున్నది పాడుబడ్డ ఇల్లేమీ కాదు. ఓడల్లో వెళ్ళే సరుకులకి కాగితాలు తయారుచేసే చిన్న కంపెనీ. పగలంతా సంతలా ఉంటుంది. రాత్రయితే మాత్రం... వంటగది మూల నుంచి చెంచా చప్పుడు వస్తుందట. ఎవరో కాఫీ కలుపుతున్నట్టు — టింగ్... టింగ్... టింగ్. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు.

ఆ చప్పుడు జైతున్ అక్కదని అందరూ అంటారు. ఆవిడ అక్కడ గుమాస్తాగా చేసేది. ఒకరాత్రి ఒంటరిగా కూర్చుని ఓడ కాగితాలు పంపుతూ పంపుతూ బల్ల మీదికి ఒరిగిపోయింది. గుండె ఆగింది. పొద్దున్నే ఊడ్చేవాళ్ళు వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. పక్కన కప్పులో కాఫీ నిండుగా అలాగే ఉందట.

ఆ తర్వాత రాత్రిళ్ళు అక్కడ ఎవరూ ఒంటరిగా ఉండలేదు... హ్వీ లిన్ వచ్చేదాకా.

హ్వీ లిన్ నా శిష్యురాలు. ఫెర్రీకి ఇవతలి ఒడ్డున మా పల్లె బడిలో చదివింది. ఇప్పటికీ నన్ను అందరు పిల్లల్లాగే ‘చిక్గూ’ — అంటే టీచర్ — అనే పిలుస్తుంది. ఆ కంపెనీలో చేరి కొన్ని నెలలే అయింది. బాస్ టియో గారు సంతకం పెడితేనే ఉద్యోగం ఖాయం. అందుకే రాత్రి ఓడల పని అందరూ వద్దంటే ఈ పిల్ల నెత్తినేసుకుంది.

మొదటి వారంలోనే జరిగింది.

సురబయలో ఒక కంపెనీకి కాగితాలు మెయిల్‌లో పంపించి, నాసి లెమాక్ అన్నం పొట్లం విప్పుతోంది. ఫోన్ మోగింది. ఆ వేళకి ఆఫీసు ఫోన్ ఎప్పుడూ మోగదు. తీసింది.

ఎవరో ఆడమనిషి. మెల్లిగా, గుసగుసగా...

"ఒంటరిగా ఉన్నావా అమ్మా?"

"ఎ... ఎవరండీ?"

"నువ్వే చెప్పావుగా, ఒంటరిగా ఉన్నానని..."

హ్వీ లిన్ ఫోన్ విసిరేసి, పొట్లం అక్కడే వదిలేసి, మూడంతస్తులూ ఎలా దిగిందో తనకే తెలియదు. కింద పాక్ మన్సోర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పలకరించిందా?" అన్నాడు. ఆసారి నవ్వలేదు.

మర్నాడు టియో గారు పిలిచారు. ముందున్న కంప్యూటర్‌ని ఆమె వైపు తిప్పారు. అదే రాత్రి ఆమె పంపిన ఇంకో మెయిల్. సింగపూర్ ఖాతాదారొకడు తిప్పి పంపాడు. అన్ని మెయిళ్ళ కిందా కంపెనీ తరఫున దానంతటదే చేరే పెద్ద గమనిక ఉంటుంది కదా — ఇది రహస్యం, పొరపాటున మీకు వస్తే చెరిపేయండి, నష్టానికి మేము బాధ్యులం కాము — ఎవరూ చదవని ఆ మాటలన్నీ అయ్యాక, అట్టడుగున ఇలా ఉంది:

‘ఈ మెయిల్ పంపిన వ్యక్తి ఇప్పుడు ఆఫీసులో ఒంటరిగా ఉన్నారు. దయచేసి ఒకసారి ఫోన్ చేసి, బాగున్నారో లేదో అడగండి.’

"మనం కంటైనర్లు పంపుతున్నామా, పెళ్ళిచూపులకి కబుర్లు పంపుతున్నామా?" అన్నారు టియో గారు.

"నేను రాయలేదు బాస్! చూడండి..." అని తను పంపిన మెయిళ్ళు తెరిచి చూపించింది. ఒక్కదాంట్లోనూ ఆ మాట లేదు. ఆమె దగ్గరున్న నకళ్ళన్నీ శుభ్రంగా ఉన్నాయి. అవతలివాళ్ళకి చేరినవాటిలో మాత్రమే ఉంది.

కంప్యూటర్లు చూసే కొత్తవాళ్ళు కౌలాలంపూర్‌లో ఉంటారు. దూరం నుంచే ఆమె కంప్యూటర్ ఒక్కటి వెతికి, యంత్రంలో లోపం లేదు, మనిషినే అడగండి అని చేతులు దులిపేసుకున్నారు.

"ఈ వారాంతానికి సంగతి తేల్చు. లేకపోతే వేరే ఉద్యోగం చూసుకో," అన్నారు టియో గారు.

ఆ సాయంత్రమే ఫెర్రీ ఎక్కి మా ఇంటికొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నవ్వకండి చిక్గూ. అది జైతున్ అక్కే. నా ఉద్యోగం తీయిస్తోంది. తన బల్ల దగ్గర నేను కూర్చోవడం ఆవిడకి ఇష్టం లేదు."

నేను నవ్వలేదు. ఒక్క మాట అడిగాను. "ఆ మెయిళ్ళ ఏర్పాటు మొదట్లో చేసిందెవరు?"

ఆమెకి తెలియదు. ఫోన్ చేసి అడిగితే, పాక్ మన్సోర్‌కి తెలుసు. కాంగ్ అని ఒక పెద్దాయన, పని మానేసి బాలిక్ పులావ్ కొండల్లో దురియాన్ పళ్ళ తోట చూసుకుంటున్నాడని చెప్పాడు. మర్నాడు ఇద్దరం వెళ్ళాం.

కాంగ్ అంకుల్ చెట్టు కింద కూర్చుని ముళ్ళ పండు చీలుస్తున్నాడు. హ్వీ లిన్ చెప్పిందంతా తలెత్తకుండా విన్నాడు. ఆ మాట దగ్గరికొచ్చేసరికి కత్తి ఆగింది.

"ఎవరైనా ఫోన్ చేశారా?" అన్నాడు.

"ఒకావిడ చేసింది అంకుల్. సురబయ నుంచి కాబోలు. నేను దెయ్యమనుకుని పరిగెత్తాను."

"అయితే పనిచేసిందన్నమాట..." కత్తి పక్కన పెట్టాడు. "ఆ మాట రాసింది నేనే."

"మరి నా దగ్గరున్న వాటిలో లేదేం అంకుల్?" అంది హ్వీ లిన్.

"నువ్వు ఉత్తరం అంటించి డబ్బాలో పడేస్తావు. పోస్టాఫీసులో ముద్ర కొడతారు. ఆ ముద్ర నీకు కనపడుతుందా? ఇదీ అంతే. నీ దగ్గర నుంచి బయలుదేరాక, గడప దాటేముందు సర్వర్ దాన్ని అతికిస్తుంది. అందుకే నీ నకళ్ళలో లేదు."

"ఎందుకంకుల్ అలా?"

"ఎందుకా? ఆ రాత్రి జైతున్ మెయిళ్ళు ఎన్ని దేశాలకి వెళ్ళాయో! అందరూ కాగితాలు తీసుకున్నారు. మనిషి ఉందో పోయిందో ఒక్కడూ అడగలేదు. చట్టం మాటలు చేర్చే యంత్రమే కదా... ఇంకొక్క మాట చేర్చమన్నాను."

"బాస్‌కి చెప్పలేదా?"

"చెబితే ఉంచేవాడా?" అని పండు తొన ఆమె చేతిలో పెట్టాడు. "తిను, వణుకు తగ్గుతుంది. తలుపు దగ్గర కార్డు గీసి లోపలికెళ్తారు, గీసి బయటికొస్తారు కదా. రాత్రిపూట లోపల ఒక్క కార్డే ఉంటే ఆ మాట చేరుతుంది. ఇద్దరుంటే చేరదు. ఇద్దరుంటే ఒకరికొకరు తోడేగా."

మేం లేస్తుంటే మళ్ళీ అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. "జైతున్‌ని మోసుకెళ్ళారు కదా... కార్డు గీయకుండానే వెళ్ళిపోయింది. చాలా రోజులు ఆ యంత్రం, ఆవిడ ఇంకా లోపలే ఉందని చూపించేది. చివరికి నేనే ఆవిడ పేరు చేత్తో తీసేశాను."

టియో గారు అంతా విన్నారు. అద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ మాట అలాగే ఉండనిమ్మని కౌలాలంపూర్ వాళ్ళకి చెప్పారు. హ్వీ లిన్ ఉద్యోగానికి సంతకం పెట్టారు.

నేనూ బడిలో పిల్లలకి ఈ కథ అక్కడిదాకానే చెబుతాను. భయం వేసినప్పుడు పరిగెత్తకండర్రా, మొదలెక్కడో వెతకండి అని.

మిగతాది చెప్పను.

ఆ తర్వాత వానాకాలంలో ఒకరాత్రి ఆమె నాకు ఫోన్ చేసింది. గొంతు హుషారుగా ఉంది. "చిక్గూ, ఒక్కదాన్నే ఉన్నాను. ఇప్పుడు భయమేం లేదు. మీకో మెయిల్ పంపిస్తున్నా... కాంగ్ అంకుల్ మాట మీరు కళ్ళారా చూడాలి. ఉండండి, ఫోన్ పెట్టెయ్యకండి."

మెయిల్ వచ్చింది. ‘చిక్గూ, భోంచేశారా?’ అని రాసింది. కింద పెద్ద గమనిక. ఇది రహస్యం... చెరిపేయండి... బాధ్యులం కాము...

ఆ తర్వాత ఏమీ లేదు.

మళ్ళీ చదివాను. అడుగు దాకా జరిపాను. తెల్లటి ఖాళీ.

"పాక్ మన్సోర్ పైకి వచ్చాడా అమ్మా?" అన్నాను, వీలైనంత మామూలుగా.

"లేదు చిక్గూ. కిటికీలోంచి కనిపిస్తున్నాడు. కింద గొడుగేసుకుని సిగరెట్ కాలుస్తున్నాడు. ఏం?"

"ఏం లేదు. ఇంకెవరైనా..."

"ఎవరూ లేరు. ఉందా, ఆ మాట?"

వాన హోరు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఉంది తల్లీ. చూశాను. ఇక చాలు, లేచి ఇంటికెళ్ళు."

"హమ్మయ్య!" అని నవ్వింది. "అయితే నిజంగా నేనొక్కదాన్నే. ఇందాకట్నుంచీ వంటగదిలో చెంచా చప్పుడవుతుంటే... ఉత్త భ్రమే అన్నమాట."

ఆమె ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. అప్పుడు నాకూ వినిపించింది, సన్నగా — టింగ్... టింగ్...

ఆగింది.

ఆ తర్వాత, ఫోన్‌కి చాలా దగ్గరగా, ఎవరో కప్పు తెచ్చి బల్ల మీద పెట్టిన చప్పుడు.