చెరువు నీళ్ళ ఎక్స్‌రే

కంప్యూటర్లో బొమ్మ చూసి బ్లెస్సీ కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. టీ చేతిలోనే చల్లారిపోయింది.

విజయవాడ గుణదల పిల్ల బ్లెస్సీ. చెరువు నీళ్ళలో కంటికి ఆనని సూక్ష్మజీవులుంటాయే, వాటి ఒంట్లో ఏ లోహం ఎంతుందో చూడడం ఆమె పని. చెయ్యి విరిగితే మనకి ఎక్స్‌రే తీయరూ? వాటికీ అలాగే తీస్తారు. ఆ పెద్ద యంత్రం ఇండోర్‌లో ఉంది. ఇనుమైతే ఆకుపచ్చగా, రాగైతే ఎర్రగా రంగులద్ది పంపిస్తారు.

ఈ బొమ్మేమో నిప్పుల కుంపటిలా ఉంది, అంతా రాగే! చల్లపల్లిలో లక్ష్మీకాంత్ రొయ్యల చెరువు నీళ్ళవి.

వెంటనే ఫోన్ చేసింది.

"లక్ష్మీకాంత్ గారూ, చెరువులో ఆ రాగి మందు, మైలుతుత్తం, ఎంత కుమ్మరించారండీ?"

"నేనా? చిటికెడు కూడా వెయ్యలేదండీ!"

"అయితే ఎక్స్‌రే అబద్ధం చెబుతోందా?"

"మరి నేను చెబుతున్నానా?"

"చెప్పరా? నేనిచ్చిన సీసా పగిలిందని వాటర్ బాటిల్లో తెచ్చారు. అది ప్లాస్టిక్ సీసా. ఎలా పగిలిందండీ?"

"అదీ... తర్వాత చెబుతానండీ," అని అతను ఫోన్ పెట్టేశాడు.

నీళ్ళిచ్చే వంకన ల్యాబ్‌కి వచ్చి, వాన తగ్గలేదంటూ సాయంత్రందాకా కబుర్లాడే మనిషి. నాన్న శౌరయ్యకి అతని పేరు నేడో రేపో చెబుదామనుకుంటోంది బ్లెస్సీ. అబద్ధాలకోరైతే ఏమని చెబుతుంది?

మర్నాడే చల్లపల్లి బస్సెక్కింది.

అరుగు మీద అతని మామ్మ మాణిక్యమ్మ చింతపండేసి రాగి చెంబు తోముతోంది.

"నువ్వేనా విజయవాడ పిల్లవి? నేను బాగుచేసి పంపిన నీళ్ళు తాగావా అమ్మా?"

"బాగు... చేశారా?"

"చెయ్యనూ? ఆడపిల్లకి చెరువు నీళ్ళిస్తాడట, వెర్రివెధవ! వాడు పడుకున్నాక బాటిల్లోవి ఈ చెంబులోకి వంపా. తెల్లారాక మళ్ళీ బాటిల్లోనే పోశా. రాత్రంతా రాగిలో ఉంటే నీళ్ళ దోషం పోదూ!"

"మరియమ్మ తల్లీ!" బ్లెస్సీ అరుగు మీద కూలబడిపోయింది. సూక్ష్మజీవులు రాత్రంతా రాగిలోనే నానాయి మరి!

లోపల్నుంచి వింటూ వచ్చిన లక్ష్మీకాంత్ నెత్తి బాదుకున్నాడు. "మామ్మా! ఎంత పని చేశావే!"

"మీకు తెలియదన్నమాట. మరి సీసా పగిలిందని ఎందుకన్నారు?" అంది బ్లెస్సీ.

"పగలడమేంటమ్మా?" అంది మాణిక్యమ్మ. "దేవుడి గూట్లో ఉంటేను!"

బ్లెస్సీ తొంగి చూసింది. కుంకుమ భరిణ పక్కనే తన ల్యాబ్ సీసా! దానికి బొట్టు కూడా పెట్టారు.

లక్ష్మీకాంత్ చెవులు ఎర్రబడ్డాయి. "లేబుల్ మీద నా పేరు మీ చేత్తో రాశారు కదండీ. అందులో నీళ్ళు పోస్తే మీకిచ్చెయ్యాలి. ఇవ్వబుద్ధి కాలేదు."

బొమ్మ చూసినప్పుడు కూడా బ్లెస్సీకి ఇంత అదురు పుట్టలేదు. నవ్వాపుకుంటూ సంచిలోంచి కొత్త సీసా తీసింది.

"పదండి, ఈసారి నా కళ్ళెదురుగా ముంచాలి. మామ్మగారూ, మీరు దీని జోలికి రాకూడదు."

"రానులే. పోనీ మీ నాన్నగారికి పంపనా, చెంబెడు నీళ్ళు?"

బ్లెస్సీ లక్ష్మీకాంత్ వైపు చూసింది. "పంపండి. మంచినీళ్ళే పంపండి. ఈయన చేత్తోనే."