ఫోనులో ఇల్లాలు

"పుట్టుమచ్చతో సహా అచ్చు గుద్దినట్టు దించారు. గట్టి పనివాళ్ళే," అన్నాడు ఫోటో స్టూడియో ఆయన, పెళ్ళినాటి ఫోటోను భార్య ముఖం పక్కన పెట్టి చూస్తూ. "ఇంతకీ నా భార్యని ఎక్కడ దాచారు?"

ఇన్నేళ్ళ కాపురం! ఆమె చేతి అన్నం మానేశాడు. ఆమె కనబడితే గది గడియ పెట్టుకున్నాడు. అత్తగారేమో, మొగుణ్ణి కనిపెట్టుకుని ఉండే ఆడదైతే ఇంతదాకా వచ్చేదా అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి కళ్ళొత్తుకుంది.

ఆయన్ని పరీక్షించిన డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఆయన కన్ను భార్య ముఖాన్ని గుర్తుపడుతూనే ఉందట. చూడగానే 'నా మనిషి' అని లోపల కలగాల్సిన ఆప్యాయత మాత్రం కలగడం లేదట. ఆ వెలితికి మనసు కారణం వెతికి, ఎవరో వేషం వేసుకొచ్చారని తేల్చుకుందట. ఒకసారి తేల్చుకున్నాక ఏది చూసినా దానికే సాక్ష్యంగా కనబడుతుందట.

ఆ ఆప్యాయత ఎప్పుడుంది గనక ఇప్పుడు పోవడానికి... అని అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

మాత్రలు తల్లి చేత్తో ఇచ్చినా ఉమ్మేశాడు. ఒకరోజు ఆమె కూరల కొట్టు నుంచి ఫోన్ చేస్తే మాత్రం, ఆ గొంతు వినగానే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. గొంతు మనసులోకి వెళ్ళే దారి వేరనీ, అది ఇంకా మూసుకుపోలేదనీ డాక్టరమ్మ అంది. ఆనాటి నుంచి ఆమె పెరటి మెట్ల మీద కూర్చుని ఫోన్లోనే కాపురం చేసింది.

"నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదే. ఇన్నేళ్ళూ నీతో ఒక్క మంచి మాటైనా మాట్లాడానా... వచ్చెయ్యి," అనేవాడు. పెళ్ళయ్యాక ఎన్నడూ వినని మాటలు! ఏడుపు వినబడకుండా ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

ఒక సాయంత్రం మాత్ర అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఇది పనిచేస్తే ఆ మాటలు ఆగిపోతాయని ఆమెకు తెలుసు. ఇవ్వకపోతే... ఛీ, ఎంత పాపిష్టి ఆలోచన! లెంపలు వేసుకుని ఫోన్ చేసింది.

"ఏమండీ, ఇంట్లో నా వేషంలో ఉన్న ఆవిడిచ్చే మాత్ర వేసుకోండి. వేసుకుంటేనే నేనొస్తాను."

వేసుకున్నాడు. రోజూ వేసుకున్నాడు. కొన్ని వారాలకు ఒక పొద్దున, కాఫీ తెచ్చిన ఆమె ముఖంలోకి చూసి, ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావని అడిగాడు. తన కొడుకు తనకు దక్కాడని అత్తగారు ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుంది.

ఆయన మళ్ళీ స్టూడియో తెరిచిన రోజు, ఆమె పెరటి మెట్ల మీద కూర్చుని, ఉండబట్టలేక ఫోన్ చేసింది.

"పొద్దున్నంతా ఎదురుగానే ఉన్నావుగా, మళ్ళీ ఫోనేమిటి? పనీపాటా లేదా?"

"కూర ఏం చెయ్యమంటారో అడుగుదామని..." అంది.

అప్పటికే పెట్టేశాడు.