పసుపు కింద నీలం

కళావతి శవం రాట్నం పక్కన చాప మీద ఉంది.

పాదాలకు పసుపు. నుదుట పెద్ద కుంకుమ బొట్టు. తలలో బంతిపూలు. వాకిట్లో పాడె సగం కట్టి ఆగిపోయింది. మొగుడే చంపాడని కళావతి అన్న మల్లయ్య స్టేషన్‌లో చెప్పాడు. ఎస్సై కురుమయ్య జీపులో వచ్చి శవయాత్ర ఆపించాడు.

1998, జనవరి నెలాఖరు. మంగళవారం సాయంత్రం. గద్వాల సగం జములమ్మ జాతరకు పోయింది. నేతగాళ్ల వీధిలో పొద్దుటి నుంచి మగ్గాల చప్పుడు లేదు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బాలస్వామి చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"కేసు అయిపోయింది సార్," అన్నాడు కురుమయ్య. "మొగుడు బాలరాజు నూలుకు రంగులద్దుతడు. యాసిడ్ ఆ అద్దకం కొట్టంలనే ఉంటది. పొద్దుగాల కొట్లాడుకున్నరు. మొకం చూడండ్రి."

బాలస్వామి మోకాళ్ల మీద కూర్చుని చూశాడు.

రెండు చెంపల మీదా కాలిన మచ్చలు. గుండ్రంగా, పెసరగింజంత. ఒకదాని పక్కన ఒకటి, వరసగా. ఎవరో కొలిచి ముద్రలు వేసినట్టు.

"యాసిడ్ పోస్తే కారుతది కురుమయ్యా. మెడ మీదికి, రవికె మీదికి. ఇది ఎక్కడా కారలేదు."

"దూదితోని అద్దిండేమో సార్."

"కోపంల ఉన్నోడు దూది వెతుక్కుంటడా?"



బాలస్వామి ఆమె చెయ్యి పైకెత్తి దీపం దగ్గరికి తెచ్చాడు. గోళ్లు నీలంగా ఉన్నాయి. పెదవులు కూడా కమిలినట్టున్నాయి.

"గోళ్లది రంగు సార్," అన్నాడు కురుమయ్య. "ఈ వీధిల ఎవరి గోళ్లు చూసినా గట్లనే. పంచనామాల రాసిన."

బాలస్వామి గుమ్మం వైపు చూశాడు. అక్కడ నిలబడ్డవాళ్ల వేళ్లు చూశాడు. ఒకరివి ఎరుపు, ఒకరివి ఆకుపచ్చ. ఒక ముసలాయన గోళ్ల చుట్టూ పాత ఊదా రంగు. రోజూ కళ్ల ముందుండే దాన్ని కళ్లు చూడటం మానేస్తాయి.

శవాన్ని పోస్టుమార్టానికి పంపారు.

లాకప్‌లో బాలరాజు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రెండు చేతులూ మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. చూడగానే రక్తం అనిపిస్తుంది. బయట మల్లయ్య మనుషులకు అలాగే అనిపించింది.

"ఎక్కడున్నవ్ మధ్యాహ్నం?"

"కొట్టంల సార్. నూలుకు ఎర్ర రంగు అద్దిన. ఒక్కన్నే ఉన్న. ఇంటికొస్తే పండుకున్నదనుకున్న. లేపిన. మల్ల లేపిన."

"పొద్దుగాల కొట్లాట దేనికి?"

"మొకానికి సార్."

"అంటే?"

"రెండో కాన్పు అయినంక చెంపల మీద నల్లగ మంగు లేసింది. బస్టాండు కాడ బోర్డు పెట్టిన్రు గద, లేజర్ తోని పోతదని. పోతనన్నది. వద్దన్న." ఆగాడు. "నాకైతే మంగు కనబడ్తనే లేదు అన్న. గదే తప్పైంది. నువ్వు నన్ను చూస్తనే లేవు, అందుకే కనబడ్తలేదు అన్నది."

బాలస్వామి తలుపు వైపు తిరిగాడు.

"నా పిల్లలు ఏడున్నరు సార్?"

"మీ అమ్మ దగ్గర."

"రేపు నన్ను కోర్టుకు తోలుతరంట గద."

"సాయంత్రం."

"నేను పోతే వాండ్లకు ఎవరున్నరు? ముసల్ది ఎన్నొద్దులు సాకుతది?"

ఇంటికి పోతూ బాలస్వామి బస్టాండు దగ్గర జీపు ఆపించాడు. 'లేజర్ కిరణాలతో నవయవ్వనం. హైదరాబాద్ డాక్టర్ నందకిశోర్. ప్రతి మంగళ, బుధవారాలు.' బోర్డు మీద ఒకే ఆడమనిషి ముఖం. కుడి సగం తెలుపు. ఎడమ సగం చామనఛాయ, మచ్చలు. ఎడమ సగం కంట్లో కూడా ఏదో తప్పు చేసిన చూపు గీశాడు ఆ పెయింటర్. ఈ దారిన పొద్దున కూలికి పోయే ఆడవాళ్లు, బడికి పోయే ఆడపిల్లలు అందరూ నడుస్తారు. అందరిదీ ఎడమ సగమే.

అతనికి కోపం వచ్చింది. అరవాలనిపించే కోపం కాదు. జేబులోంచి పుస్తకం తీసి ఆ డాక్టరు పేరు, ఆ రోజులు రాసుకున్నాడు.

బుధవారం ఉదయం క్లినిక్ తెరిచారు. మేడ మీద గది. మెట్లు దిగి సందు దాటితే సర్కారు దవాఖాన. బెంచీ మీద నలుగురైదుగురు ఆడవాళ్లు కొంగులు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఖాకీ బట్టలు చూసి ఒక్కొక్కరే లేచిపోయారు.

లోపల చుట్టూ బల్బులున్న నిలువెత్తు అద్దం. తెల్ల గుడ్డ కప్పిన మెషీన్. డాక్టర్ నందకిశోర్ నవ్వుతూ కుర్చీ చూపించాడు.

"కళావతి తెలుసా?" బాలస్వామి కూర్చోలేదు.

"పేరు గుర్తులేదు. ఫొటో ఉందా?... ఆఁ, ఈమెనా. ఒక్కసారి వచ్చింది. పోయిన నెల."

"నిన్న?"

"రాలేదు."

"పోయిన నెల ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు, వెనక్కి పంపేశాను. చేతులు చూశాను కదా, గోళ్లన్నీ నీలం. రంగుల్లో, రసాయనాల్లో బతికేవాళ్ల చర్మానికి లేజర్ పడదమ్మా అన్నాను. పాపం, ఏమైంది ఆమెకు?"

"చచ్చిపోయింది."

"అయ్యో. ఆ మొగుడే కదా?"

"మీకెవరు చెప్పారు?"

"చిన్న ఊరు కదండీ. నేనైతే అటువైపు పోలేదు. చావు ఇళ్లంటే నాకు పడదు."

బాలస్వామి అద్దంలో తన ముఖం చూశాడు. ఆ బల్బుల వెలుతురులో ప్రతి గుంట, ప్రతి ముడత పైకి వచ్చి నిలబడింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా ఆ కుర్చీలో కూర్చుంటే రోగి అవుతాడు. బల్బులు అందుకే పెట్టారు.

దవాఖానలో డ్యూటీ డాక్టర్ జోగులమ్మ చేతి తొడుగులు విప్పుతోంది.

"కడుపులో విషం లేదు. పొద్దున తిన్న జొన్నరొట్టె ఉంది, అంతే. కానీ రక్తం చూడండి."

గాజు గిన్నెలో రక్తం ఎర్రగా లేదు. చాక్లెట్ రంగులో ఉంది.

"కొన్ని మందులు ఒంట్లోకి ఎక్కువగా పోతే రక్తం ఇలా మారుతుంది," అంది. "ఊపిరి ఆడుతూనే ఉంటుంది, గాలి మాత్రం రక్తానికి అంటదు. మనిషి నీలంగా మారిపోతాడు. లేజర్ పెట్టే ముందు మొద్దుబారడానికి క్రీమ్ పూస్తారు. కొంచెం చోట, పలచగా పూయాలి. ఈమె మోచేతి మడతల్లో, మెడ వెనక, వీపు మీద కూడా జిడ్డుంది. ప్లాస్టిక్ చుట్టిన గీతలున్నాయి. చుడితే మందు ఇంకా లోపలికి దిగుతుంది."

"గోళ్ల నీలం?"

"అదే నాకూ అనుమానం. చచ్చాక గోళ్లు కొంచెం కమలడం మామూలే. ఇంత సిరా రంగు రాదు. కానీ అద్దకం రంగే అని రేపు కోర్టులో వకీలు అంటే?"

బాలస్వామి ఆమె మాట వినడం లేదు. శవం పాదాలు చూస్తున్నాడు. మెట్టె పక్కన బొటనవేలి గోరు మీద పసుపు ఎండి ఉంది. మిగతా పాదమంతా పచ్చగా ఉంది. గోరు మాత్రం ఆకుపచ్చగా ఉంది.

పసుపు కింద ఏముంటే ఆకుపచ్చ అవుతుంది?

"జర సబ్బు, నీళ్లు ఇప్పియ్యండి మేడం."

తనే కడిగాడు. పసుపు పోయింది. కాలి గోళ్లన్నీ నీలం.

"నూలు చేతులతో అద్దుతారు," అన్నాడు. "కాళ్లతో ఎవరూ అద్దరు."

వీధిలో బాలరాజు తల్లి సత్తెమ్మ మనవలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రాట్నం మీద కండె సగం చుట్టి ఉంది. మీగడ రంగు పట్టు. ఎక్కడా చుక్క మరక లేదు.

"ఇది ఎప్పటిది?"

"నిన్న పొద్దుగాలదే సారూ. మేం జాతరకు పోయేటప్పుడు చుడ్తుండె."

"ఆమె రంగు పని చేస్తదా?"

"ఎట్ల చేస్తది? పట్టు చుట్టే చెయ్యి. మరక పడితే చీర ఖరాబైతది. నా కొడుకు ఆమెను కొట్టం గడప తొక్కనియ్యడు."

"మరి గోళ్లు నీలంగ ఉంటే అడగలేదేంది?"

సత్తెమ్మ తన చేతులు చూసుకుంది. ఆమె గోళ్ల అంచుల్లో ఎన్నేళ్ల నాటిదో ఎరుపు ఉంది.

"మా ఇంట్ల గోళ్లకు రంగు లేనిదెప్పుడు సారూ? నేనే కాళ్లకు పసుపు రాసిన. నా చేతులతోని. నాకు కనబడలే."

పక్కింటి విజయమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. కొంగు ముఖం మీదికి లాగి, అంచు పళ్లతో పట్టుకుని ఉంది.

"ఈమె కూడ జాతరకొచ్చిందా?"

"వస్తనన్నది. బండి ఎక్కేటప్పుడు తలనొస్తుందని ఉండిపోయింది," అంది సత్తెమ్మ.

బాలస్వామి విజయమ్మ వెంట వాళ్ల వాకిట్లోకి నడిచాడు.

"జర కొంగు తియ్యమ్మా."

ఆమె కదల్లేదు.

"తియ్యమ్మా. అక్కడ లాకప్‌ల ఒకడు కూసున్నడు."

కొంగు జారింది. రెండు చెంపల మీదా గుండ్రటి మచ్చలు. పాతవి. మంగు కంటే నల్లగా ఉన్నాయి.

సాయంత్రం, కోర్టు టైము కంటే ముందు, అందరూ క్లినిక్ గదిలో ఉన్నారు. బేడీలతో బాలరాజు. తలుపు దగ్గర మల్లయ్య, పిడికిళ్లు బిగించి. విజయమ్మ మూల నిలబడింది. జోగులమ్మను బాలస్వామే పిలిపించాడు. అద్దం చుట్టూ బల్బులు వెలుగుతున్నాయి. అందరి ముఖాలూ అందులో రోగుల్లా ఉన్నాయి.

"నాకు హైదరాబాద్ రైలుంది," అన్నాడు నందకిశోర్.

"ఒక్క ప్రశ్న. పోయిన నెల కళావతి గోళ్లు ఏ రంగు?"

"చెప్పాను కదా. నీలం."

"ఎట్ల అంటింది?"

"రంగులవాళ్లు కదండీ."

"ఆమె రంగు ముట్టదు. పట్టు చుట్టే మనిషి. నిన్న పొద్దున ఆ చేతులతో చుట్టిన కండె నా దగ్గరుంది, మరక లేదు. పొద్దున కండె మీద లేని నీలం, సాయంత్రం గోళ్ల నిండా ఉంది. కాలి గోళ్లకు కూడా ఉంది. అది బయటినుంచి అంటింది కాదు, లోపలినుంచి వచ్చింది. రంగు రావటానికి, ప్రాణం పోవటానికి మధ్య కాసేపే. శవం దగ్గరికి మీరు పోలేదన్నరు. పోయిన నెల ఆ గోళ్లు నీలంగా లేవు. మరి ఎప్పుడు చూసిండ్రు డాక్టరు గారూ?"

నందకిశోర్ పెదవులు తడుపుకున్నాడు.

"ఎవరో చెప్పగా విన్నానేమో."

"నేను చెప్పిన," అంది విజయమ్మ.

అందరూ అటు తిరిగారు. ఆమె కొంగు వదిలేసింది.

"నిన్న ఈ కుర్చీలనే కళావతిని పండవెట్టిండు. మొదలు మొకానికే అన్నడు. మొకం ఒక్కటి తెల్లగైతే మెడ నల్లగ కనబడ్తది, చేతులు కనబడ్తయి అన్నడు. అంతట పూసి ప్లాస్టిక్ చుట్టిండు. చెంపలకు లైటు కొడ్తుంటే ఊపిరాడ్తలేదక్కా అన్నది. గోళ్లు నీలమైతున్నయి డాక్టరు గారూ అని నేనన్న. రంగులోళ్లు గద అన్నడు. తినకుండ వచ్చింది, ఇంటికి తీస్కపోయి పండవెట్టు అన్నడు. ఎవరికన్న చెప్తే మీ ఆయనకు నీ సంగతి గూడ తెలుస్తది అన్నడు."

"అబద్ధం," అన్నాడు నందకిశోర్.

"రిక్షాల ఎక్కించుకున్న. దవాఖాన ముందల్నుంచే పోయినం." విజయమ్మ బాలరాజు వైపు చూడలేకపోయింది. "నాకు తోడు కావాలని నేనే తీస్కొచ్చిన తమ్మీ. ఒక్కదాన్ని రానీకి సిగ్గైంది."

మల్లయ్య పిడికిలి విప్పాడు. ఎవరి మీద బిగించాలో తెలియనట్టు మళ్లీ మూశాడు.

బాలస్వామి నందకిశోర్‌కు దగ్గరగా వచ్చాడు.

"మీకు తెలియక జరిగింది అనుకున్న మొదలు. మందు వికటించింది, భయపడ్డరు అనుకున్న. కానీ మీరు గోళ్లు చూసిండ్రు. అదేందో మీకు అర్థమైంది. మా ఊళ్లె ఆ నీలాన్ని ఎవరూ పట్టించుకోరని కూడ అర్థమైంది. ఆమె ముఖం మీద ఇంత మంగు కనబడ్డది మీకు. చావు కనబడలేదా?"

నందకిశోర్ అలవాటుగా అద్దం వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

కురుమయ్య తలవంచుకుని బాలరాజు బేడీలు విప్పాడు. అవే బేడీలు నందకిశోర్ చేతులకు వేశాడు.

బాలరాజు కదల్లేదు. జోగులమ్మ వైపు చూస్తున్నాడు.

"మేడం. దవాఖానకు తీస్కొస్తే బతుకుతుండెనా?"

ఆమె బాలస్వామిని చూసింది. అతను సాయం చెయ్యలేదు.

"ఆక్సిజన్ పెట్టి కర్నూలు పంపేవాళ్లం," అంది. "దీనికి ఇంజెక్షన్ ఉంది."

"ఏం ఇంజెక్షన్?"

"ఒక మందు."

"ఏం మందు మేడం?"

"నీలం," అంది జోగులమ్మ. "నిజంగా రంగే. దాన్ని నరంలోకి ఎక్కిస్తే రక్తం మళ్లీ ఎర్రబడుతుంది."



"మా కొట్టంల తొట్టి నిండ నీలముంది," అన్నాడు బాలరాజు.

"అది వేరు బాలరాజూ. ఇది వేరు."

"ఎంత పడ్తుండె?"

"వద్దు, ఇప్పుడెందుకు."

"ఎంత మేడం?"

"ఒక చెంచాడు."

బాలరాజు తన ఎర్రటి అరచెయ్యి తెరిచాడు. చెంచాడు నీలం అందులో ఎంతమేర పడుతుందో చూస్తున్నట్టు, చాలాసేపు దాని వైపే చూస్తూ నిలబడ్డాడు.