మాపటి లెక్క

1961 ఏప్రిల్. ఉదయం ఏడూ పది.

నల్గొండ బస్టాండు వెనక వీధిలో ఐదు గదుల కిరాయి ఇల్లు. ఐదో గది తలుపు బార్లా తెరిచి ఉంది. గడప మీద నెత్తురు మరక. మూలన ఒంటి చెప్పు. గదిలో ఉండాల్సిన మారయ్య లేడు.

ఎస్.ఐ. ఇస్రాయేలు వంగి మరకను తాకి చూశాడు. ఇంకా జిగటగానే ఉంది. తెల్లవారుజామున జరిగిన పని.

ఫిర్యాదు ఇచ్చింది బీరమ్మ. దేవరకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన గొర్రెల కాపరి పర్వతాలు భార్య. పదకొండు గంటలకు ఈ ఇల్లు వాళ్ళ పేర రిజిస్ట్రీ కావాలి. తొంభై గొర్రెలనూ అమ్మేశారు. సగం సొమ్ము బయానాగా యజమాని భిక్షపతికి ముట్టింది. మిగతా సగం బీరమ్మ నడుముకున్న మూటలో ఉంది. పదకొండుకల్లా వేలిముద్ర పడకపోతే బయానా గల్లంతేనని కాగితంలో రాసుకున్నారు.

నిన్న సాయంత్రం బస్సు దిగగానే మారయ్య ఆమెను ఆపాడట.

"అమ్మా, పొద్దుగాల ఒక్కదానివే రా. ఈ ఇంటి ముచ్చట ఒకటి చెప్పాలె. గప్పటిదాక వేలు పెట్టకుండ్రి."

వచ్చి చూస్తే నెత్తురు. ఆమె నేరుగా ఠాణాకు పరుగెత్తింది.

ఇల్లెందుకు కొంటున్నావని ఇస్రాయేలు పర్వతాలును అడిగాడు. ముసలాయన మోకాలు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. మంద వెంట నడిచే సత్తువ లేదట. నిరుడు రోగమొచ్చి వారంలో నలభై గొర్రెలు పోయాయట.

"ఇల్లు సావది గద సారు. వానొచ్చినా రాకున్నా కిరాయి వస్తది."

ఆ మాటను ఇస్రాయేలు కాదనలేకపోయాడు. బతుకంతా పరాయి జాగాలో గుడిసె వేసుకున్న కూలి కొడుకతను. రెండు గదులు కట్టి కిరాయికివ్వాలని అతనికీ ఆశే.

"ఇల్లు ఎప్పుడు చూసినవ్?"

"మూడు మాట్ల వచ్చి చూసిన. పొద్దుగూకే యాళ్ళకు. గొర్లు దొడ్డికి మళ్ళేటప్పుడు లెక్క తీస్తం గద, గట్లనే ఈ అరుగు మీద కూసుండి కిరాయికున్నోళ్ళ తలకాయలు లెక్కవెట్టిన. మూడు మాట్లా పందొమ్మిదే. ఒక్క తల తక్కువ కాలే."

లెక్కలో తానెన్నడూ తప్పనని పర్వతాలు గొంతులో ధీమా. ఎందుకో ఆ ధీమా చూసి ఇస్రాయేలుకు దిగులు పుట్టింది.

ఎనిమిదిన్నర. విచారణ మొదలైంది.

"ఎన్నేండ్ల నుంచి ఉంటున్నవ్?"

"మూడేండ్లు," అన్నాడు మొదటి గది వాడు.

రెండో గదిలోనూ, మూడో గదిలోనూ మూడేండ్లే. నాలుగో గదిలో సాలమ్మ.

"మూడేండ్లు, సారు."

"నీళ్ళు?"

సాలమ్మ చూపు భిక్షపతి మీదికి పోయింది. "బాయిల తోడుకుంటం."

పెరట్లో బావి ఉంది. దాని మీద చెక్కలు, చెక్కల మీద బండలు. మొన్న మేకపిల్ల పడితే తానే మూయించానని భిక్షపతి అడగకముందే చెప్పాడు. తెల్లటి ధోవతి, చేతికి గడియారం. మాటిమాటికీ టైము చూస్తున్నాడు.

మారయ్య తాగుబోతనీ, ఎక్కడో పడి తల పగలగొట్టుకుని పారిపోయి ఉంటాడనీ అతని వాదన. ఒకడు పోతే ఇంకొకడు వస్తాడు, మిగిలిన నాలుగు గదుల కిరాయి ఎక్కడికీ పోదు, రిజిస్ట్రీ కానివ్వండి అని పర్వతాలును తొందర పెట్టాడు.

పదీ పది. పర్వతాలు కర్ర అందుకుని లేచాడు. బయానా పోతుందనే భయం ఆయన్ని ముందుకు తోస్తోంది.

ఇస్రాయేలు ఎదురుగా ఉన్న భిక్షపతి ఇంటి వైపు నడిచాడు. గడప ముందు బూటు ముక్కు దేనికో తగిలింది. కిందికి చూశాడు. వెనక్కి తిరిగి ఐదు గదుల వాకిళ్ళూ చూశాడు.

"జవాను, అందరిని ఈడికి పిలువు. బీరమ్మా, నువ్వు ఆ చూర్ల ఉన్న కొడవలి అందుకో."

అందరూ వాకిట్లో చేరారు.

"భిక్షపతి ఇంటి ముంగట గీకు."

బీరమ్మ గీకింది. ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే చల్లిన సాన్పి. ఆ పేడనీళ్ళు ఎండి, దాని మీద మళ్ళీ ఎండి, మందపాటి పెచ్చుగా లేచింది.

"ఇగ సాలమ్మ గడప ముంగట."

పైన పచ్చటి పూత ఒక్కటే. కొడవలి మొన తగలగానే ఎర్రటి మొరం, అందులో నిన్నో మొన్నో చెక్కేసిన గడ్డి మొదళ్ళు. మిగతా గడపల ముందూ అంతే. బీరమ్మ కొడవలి కింద పెట్టి మొగుడి వైపు చూసింది.

"మూడేండ్లు కాపురమున్న వాకిలి గిట్ల ఉంటదా?" అన్నాడు ఇస్రాయేలు. "ఈ పొద్దు చల్లిన సాన్పి ఇది. ఈ ఇంట్ల ఎవ్వరూ ఉంటలేరు. ఎందుకుంటలేరో బాయే చెప్తది. చెక్కలు తియ్యుండ్రి."

భిక్షపతి బావికి అడ్డంగా నిలబడ్డాడు. జవాను అతన్ని పక్కకు నెట్టాడు. బండలు దొర్లాయి.

చుక్క నీరు లేదు. అడుగున, బురద కూడా లేని మట్టిలో, మారయ్య. తల పగిలి ఉంది. మూలుగు వినిపిస్తోంది. బీరమ్మకు ఏడుపు ఆగలేదు.

పది నలభైకి పైకి తీశారు. దవాఖానకు తీసుకుపోయే ముందు మంచినీళ్ళు తాగి చెప్పాడు.

"బాయి ఎండినంక ఈ ఇంట్ల ఒక్కడు నిలువలే. మేం కూలికొచ్చినోళ్ళం. నీ పెనిమిటి ఇల్లు చూడొచ్చిన దినం పొద్దుగూకంగ వచ్చి కూసుంటే కూలి, బువ్వ. రిజిస్ట్రీ అని భిక్షపతి రాత్రి ఈడనే పండవెట్టిండు. గొర్లన్ని అమ్ముకున్నరని తెల్సినంక నాకు బువ్వ లోపలికి పోలే. నీతోటి మాట్లాడంగ చూసిండు, అమ్మా."

భిక్షపతి డబ్బుపెట్టె తాళంచెవి ఇవ్వడానికి జంకాడు. చివరికి ఇచ్చాడు. బయానా సొమ్ము పంచనామాలోకి ఎక్కింది. కోర్టు ద్వారా తిరిగి వస్తుందని ఇస్రాయేలు మాట ఇచ్చాడు.

బయట ఎక్కడో పదకొండు కొట్టారు. పర్వతాలు తన బొటనవేలు వైపు చూసుకున్నాడు. సిరా అంటలేదు.

"లెక్క తప్పలే, సారు. పందొమ్మిదే ఉండిరి."

"లెక్క సరే. మాపటికి దొడ్డికొచ్చింది చూసినవ్. పొద్దుగాల ఎట్ల లేస్తున్నరో చూడలే. కిరాయి ఇల్లు చెడ్డది కాదు, పర్వతాలు. ముందుగాల నీళ్ళు చూడు, తర్వాత గోడలు చూడు."

ముసలాయన తల వంచుకున్నాడు. బీరమ్మ మూట బిగించి కట్టుకుని ఆయన చేతికి కర్ర అందించింది.

"నడువు. ఈ సగంతోని గొర్లు కొందాం, మంద నేనే కాస్త. ఆ సగమొచ్చినంక ఇల్లు చూద్దాం. అన్ని ఒక్కదాంట్ల పెట్టేది లేదు."

నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగింది.

"లెక్క గూడ ఇగ నేనే తీస్త. పొద్దుగాల."